చెవితో చదివే ఇన్‌బాక్సు

ఈమెయిలు ఫిల్టరు అనగానే మన సాఫ్టువేరు జనాలకి ఏం గుర్తొస్తుంది? బిల్డు ఫెయిలయిన మెయిళ్ళు ఒక ఫోల్డరులోకి, హెచ్చార్ వాళ్ళ మెయిళ్ళు ఇంకో ఫోల్డరులోకి (ఆ రెండోది మళ్ళీ ఎప్పుడూ తెరవం, అది వేరే సంగతి). ఉంటే మంచిదే, లేకపోయినా కొంపలేం మునగవు. కానీ తెర చూడకుండా, స్క్రీన్ రీడరు చెప్పేది వింటూ, మౌసు ముట్టుకోకుండా పనిచేసేవాళ్ళు మన మధ్య ఉన్నారు. వాళ్ళకి ఫిల్టరు లేకపోతే రోజు గడవదు.

ఎందుకో చిన్న లెక్క వేద్దాం. ఇన్‌బాక్సు తెరవగానే పాతిక ముప్ఫై వరసలు మన కంటికి ఒక్కసారే కనిపిస్తాయి. మేనేజరు పేరు ఎక్కడుందో కన్ను దానంతటదే పట్టేస్తుంది. చెవికి ఆ వీలు లేదు, ఒకదాని తర్వాత ఒకటి వినాల్సిందే. పంపినవాళ్ళ పేరూ, సబ్జెక్టూ వినడానికి మెయిలుకి నాలుగు సెకన్లు అనుకుంటే వంద మెయిళ్ళకి 400 సెకన్లు, అంటే దాదాపు ఏడు నిమిషాలు. ఇంకా ఒక్క మెయిలు కూడా తెరవలేదు సుమా!

విచిత్రమేంటంటే, ఈ ఇబ్బంది మొదట పడింది కళ్ళున్నవాళ్ళే.

రే టామ్లిన్సన్ 1971లో ఆర్పానెట్ మీద ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మొదటి మెయిలు పంపాడు. అప్పట్లో మెయిల్ బాక్సు అంటే ఒక మామూలు టెక్స్టు ఫైలు. కొత్త మెయిలు వచ్చి దాని తోకకి అతుక్కునేది. చదవాలంటే ఆ ఫైలు మొత్తాన్ని టెలిటైపు మీద మొదట్నుంచీ కొట్టించుకోవడమే. ఆర్పా డైరెక్టరు స్టీఫెన్ లూకాసిక్ ఈ గోల భరించలేక లారీ రాబర్ట్స్ దగ్గర మొరపెట్టుకున్నాడు. రాబర్ట్స్ 1972లో 'ఆర్‌డి' అనే చిన్న ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. అది మెయిళ్ళ జాబితా చూపించేది. కావలసినదాన్నే తీసి చదవొచ్చు, దాచుకోవచ్చు, ఇంకొకరికి పంపొచ్చు, జవాబివ్వొచ్చు. ఇవాళ మనం వాడే ప్రతి మెయిలు ప్రోగ్రాముకీ అదే ముత్తాత.

తర్వాత టెలిటైపు పోయి తెర వచ్చింది. చూసేవాళ్ళు ఆ వరస గొడవ మర్చిపోయారు. వినేవాళ్ళు మాత్రం ఒకరకంగా ఇప్పటికీ టెలిటైపు ముందే కూర్చుని ఉన్నారు. కాబట్టి ఫిల్టర్ల చరిత్రని వాళ్ళ వైపు నుంచి చూస్తేనే అసలు సంగతి అర్థమవుతుందని నా అభిప్రాయం.

ఫిల్టరు పనిచెయ్యాలంటే మెయిల్లో ఏది ఎవరి పేరో, ఏది విషయమో యంత్రానికి తెలియాలి. 1973లో ఆర్‌ఎఫ్‌సి 561తో మొదలైన హెడర్ల ప్రామాణికత 1982లో ఆర్‌ఎఫ్‌సి 822తో స్థిరపడింది. అదే 1982లో పీటర్ డెన్నింగ్ అనే కంప్యూటరు శాస్త్రవేత్త 'ఎలక్ట్రానిక్ చెత్త' పేరుతో, మెయిళ్ళు మరీ ఎక్కువైపోతున్నాయని ఒక వ్యాసం రాశాడు. (1982లోనే! ఇప్పుడు మన ఇన్‌బాక్సు చూస్తే ఏమనేవాడో.) 1987 కల్లా ఎమ్‌ఐటిలో థామస్ మెలోన్ బృందం 'ఇన్ఫర్మేషన్ లెన్స్' అనే వ్యవస్థలో, మామూలు ఉద్యోగి కూడా తనకి తానే నియమాలు పెట్టుకుని మెయిళ్ళు వేరుచేసుకోవచ్చని చూపించింది. 1990లో యూనిక్స్ మీద ప్రోక్‌మెయిల్ వచ్చింది. ఇక మనిషి చూసేలోపే మెయిలు దాని గూట్లోకి వెళ్ళిపోయేది.

స్క్రీన్ రీడర్ల కథ దీనికి సమాంతరంగా నడిచింది. ఐబిఎమ్‌లో గణితవేత్త జిమ్ థాచర్, చూపులేని తన సహోద్యోగి జెస్సీ రైట్‌తో కలిసి చేసిన పని 1986లో 'స్క్రీన్ రీడర్'గా బయటికొచ్చింది. ఇప్పుడు మనం వాడే మాట కూడా అదే. మోటారుసైకిల్ రేసులు నడిపి, 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న టెడ్ హెంటర్ 1987లో బిల్ జాయిస్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. 1989లో డాస్ కోసం 'జాస్' వచ్చింది.

డాస్ రోజుల్లో ఈ పని కొంచెం తేలికే. తెర అంటే 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు. ఏ గడిలో ఏ అక్షరం ఉందో వీడియో మెమొరీలో ఉన్నదున్నట్టు ఉండేది. స్క్రీన్ రీడరు అక్కడికెళ్ళి చదువుకోవడమే. పైగా మౌసు లేదు, అందరూ కీబోర్డు వాళ్ళే. చూసేవాడూ వినేవాడూ అవే మీటలు నొక్కేవారు.

విండోస్ వచ్చి ఈ సమానత్వాన్ని ఒక్క దెబ్బతో తీసేసింది. మెమొరీలో అక్షరాలు పోయి చుక్కలు మిగిలాయి. డాస్‌లో హాయిగా పనిచేసుకుంటున్నవాళ్ళు, ఆఫీసు విండోస్‌కి మారితే తమ ఉద్యోగం ఏమవుతుందో అని భయపడ్డారు. ప్రోగ్రాములు తెర మీద గీస్తున్న ప్రతిదాన్నీ మధ్యలో పట్టుకుని, సొంతంగా ఒక నకలు తెర తయారుచేసుకునే పద్ధతితో స్క్రీన్ రీడర్లు తంటాలు పడ్డాయి. విండోస్ కోసం జాస్ 1995లో వచ్చింది. 'నేను బటన్ని, నా పేరు ఇది' అని ప్రోగ్రామే చెప్పుకునే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ నుంచి 1997లో వచ్చింది.

మీటల గురించి ఒక పిట్టకథ. అవుట్‌లుక్‌లో కంట్రోల్-ఎఫ్ నొక్కితే వెతకడానికి బదులు ఫార్వర్డ్ ఎందుకవుతుందో తెలుసా? మైక్రోసాఫ్ట్‌కి చెందిన రేమండ్ చెన్ రాసిన ప్రకారం, అప్పటి బీటా వాడుతున్న ఒకాయన తనకి ఫార్వర్డే కావాలన్నాడట. ఆయన పేరు బిల్ గేట్స్! మనకిది నవ్వులాటే. కానీ ప్రతి పనీ వేళ్ళ జ్ఞాపకంతో చేసేవాళ్ళకి ఒక మీట అర్థం మారిందంటే ఇంట్లో గుమ్మం జరిగినట్టే.

ఇదే సమయంలో ఇంకో దారి పట్టినవాడు టి.వి. రామన్. పుణెలో పెరిగాడు, పద్నాలుగేళ్ళకి గ్లకోమాతో చూపు పోయింది. ఐఐటి బొంబాయిలో చదివి, 1994లో కార్నెల్‌లో పీహెచ్‌డీ పూర్తిచేశాడు. 1995లో ఆయన విడుదల చేసిన 'ఈమాక్స్‌పీక్' తెర మీద ఏముందో చదవదు, ప్రోగ్రాము ఏం చేస్తోందో దాని లోపలికెళ్ళి తెలుసుకుని చెబుతుంది. మెయిలు జాబితాలో కిందకి దిగితే వరసలోని గుర్తులూ అంకెలూ అన్నీ ఏకరువు పెట్టకుండా, ఎవరు, దేని గురించి రాశారో చెబుతుంది. నా దృష్టిలో ఇది కూడా ఫిల్టరే. ప్రోక్‌మెయిల్ మెయిళ్ళని వడకడితే, రామన్ మాటల్ని వడకట్టాడు.

2004లో జీమెయిల్ వచ్చాక కథ మళ్ళీ మొదటికొచ్చింది. వెబ్ పేజీలో స్క్రీన్ రీడర్లు ఒంటి అక్షరాలని తమ పనికి వాడుకుంటాయి. ఉదాహరణకి కె నొక్కితే తర్వాతి లంకెకి వెళ్ళడం. జీమెయిల్లో అదే కె అంటే జాబితాలో పైకి! కాబట్టి ఇప్పుడీ మీట పేజీకా, స్క్రీన్ రీడరుకా అని మోడు మార్చుకుంటూ ఉండాలి. వెబ్ అప్లికేషన్లు తమ గురించి తామే సరిగ్గా చెప్పుకునే 'ఏరియా' ప్రమాణం 2014కి గానీ ఖరారు కాలేదు. అప్పటిదాకా చాలామందికి దిక్కు జీమెయిల్ వారి సాదా హెచ్‌టిఎమ్ఎల్ రూపమే. 2024లో దాన్నీ ఎత్తేశారు.

ఈ మధ్యలో ఒక మంచి పని జరిగింది. స్క్రీన్ రీడర్ల ధరలు చూసి విసిగిన ఆస్ట్రేలియా కుర్రాడు మైకేల్ కరన్ 2006లో 'ఎన్‌విడిఎ' మొదలుపెట్టాడు. ఆయనకీ చూపు లేదు. అది ఉచితం, సోర్సు కూడా అందరిదీ, ఎక్కువ భాగం పైథానులోనే రాసింది. దానితోపాటు వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో తెర మీద 'అమ్మ' అని కనిపించినా లోపల ఉన్నవి ఏవో లాటిన్ గుర్తులు, చెవికి వినిపించేది చెత్త. తెలుగు యూనికోడ్‌లోకి రావడం వినేవాళ్ళకి ఎంత మేలు చేసిందో మనం పెద్దగా చెప్పుకోం.

ఇంత చరిత్ర ఎందుకంటే... నేనూ, స్క్రీన్ రీడరు వాడే ఒకాయనా ఒకే టీములో కొన్నాళ్ళు పనిచేశాం. అవుట్‌లుక్‌లో ఆయన సబ్జెక్టు గడిని పంపినవాళ్ళ పేరు కంటే ముందుకి జరుపుకున్నారు, ముందు విషయం వినిపించాలని. తనకే వచ్చినవి ఒక ఫోల్డరు, సీసీలో పెట్టినవి ఇంకోటి, యంత్రాలు పంపేవి మూడోది. అంత పక్కాగా పెట్టుకున్నా, ఒకరోజు సర్వరు పడిపోయినప్పుడు వచ్చిన మెయిలు సబ్జెక్టు 'అర్జెంట్', లోపల ఒక్క అక్షరం లేదు, ఎర్రరు తాలూకు స్క్రీన్‌షాటు మాత్రమే. ఆ ఏడాది అప్రైజల్లో ఆయనకి 'స్పందన నెమ్మది' అని రాశారు. ఆయన ఫిల్టర్లలో లోపమేమీ లేదు. మనం పంపినదాంట్లో వడకట్టడానికి ఏమీ లేదు, అంతే.

ప్రమాణాలు, స్క్రీన్ రీడర్లు వాటి వంతు పని చాలావరకు చేశాయి. మన వంతు మిగిలింది. సబ్జెక్టులో ముఖ్యమైన మాట ముందు పెట్టడం, విషయం మారితే సబ్జెక్టు మార్చడం, ఎర్రరుని బొమ్మగా కాకుండా టెక్స్టుగా అతికించడం. ఖర్చు పైసా లేదు.

నమ్మకం కుదరకపోతే ఈ శనివారం ఎన్‌విడిఎ దింపుకోండి. మానిటరు ఆపేసి, మీ ఇన్‌బాక్సులో పై ఇరవై మెయిళ్ళు వినండి. మధ్యలో నోరు మూయించాలంటే కంట్రోల్ మీట నొక్కితే చాలు. ఆ ఇరవైలో మీరు రాసినదానికి వచ్చిన జవాబులు ఎన్ని ఉన్నాయో, వాటి సబ్జెక్టు వింటే విషయం తెలిసిందో లేదో మీరే చూడండి.