ఐపీ (దివాలా పిటిషన్)

అప్పులు తీర్చలేని మనిషి తన ఆస్తిని కోర్టుకు అప్పగించి, బాకీల నుంచి విముక్తి కోరుతూ వేసే దరఖాస్తు దివాలా పిటిషన్. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో దీన్ని ఐపీ అంటారు. ‘ఫలానా సేటు ఐపీ పెట్టిండు’ అన్నారంటే అప్పులోళ్లను ముంచాడనే భావం. చట్టం మాత్రం నిజాయితీగా నష్టపోయినవారిని మళ్లీ బతకనివ్వడానికి, ఉన్న ఆస్తిని అప్పులిచ్చినవారికి న్యాయంగా పంచడానికి పుట్టింది.

దీనికి ఇప్పటికీ ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. కనీసం 500 రూపాయల అప్పు ఉండి, తీర్చే శక్తి లేనివారు పిటిషన్ వేయవచ్చు. సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులు విచారిస్తాయి.

పిటిషన్‌కు జాబితాలే ప్రాణం. ఎరువుల దుకాణదారుడినే తీసుకుందాం. వానలు లేని ఏడు పత్తి రైతుల నుంచి ఉద్దెర వసూలు కాదు. సరుకు బాకీ కట్టడానికి అతను నూటికి మూడు రూపాయల మిత్తికి నోట్లు రాస్తాడు. చివరికి ఒక షెడ్యూల్‌లో బ్యాంకు, చిట్టీ కంపెనీ, పక్కింటాయన, బావమరిది వరుసగా ప్రతివాదులవుతారు. ఎవరికి ఎంత, ఏ తేదీ నోటు అన్నది పేరు పక్కనే ఉంటుంది. రెండో షెడ్యూల్‌లో పొలం, బండి, రావాల్సిన ఉద్దెర.

పిటిషన్ వేసినంత మాత్రాన బాకీ పోదు. కోర్టు దివాలా ప్రకటిస్తే ఆస్తి రిసీవర్ చేతికి వెళ్తుంది. ఆపై కోర్టు అనుమతి లేకుండా ఎవరూ విడిగా వసూలుకు దిగకూడదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి మినహాయించినవి, అంటే రైతు ఎడ్లు, విత్తనం, ఉంటున్న ఇల్లు, గద్వాల నేతగాని పనిముట్లు వంటివి, అతనికే మిగులుతాయి. తాకట్టు మీద అప్పిచ్చినవారి హక్కు మాత్రం చెక్కుచెదరదు.

అసలు విముక్తి డిశ్చార్జి ఉత్తర్వుతోనే వస్తుంది. కోర్టు పెట్టిన గడువులో దాన్ని కోరకపోతే దివాలా ప్రకటనే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆస్తి రూపాయికి ఎనిమిది అణాల మేరకైనా లేకపోతే, అందులో తన తప్పు లేదని కోర్టును ఒప్పించాలి. సర్కారు బాకీలు, మోసంతో చేసిన అప్పులు, మనోవర్తి అప్పటికీ మిగిలే ఉంటాయి. జమానతు సంతకం పెట్టినవారికీ విడుదల లేదు. స్నేహం కొద్దీ సంతకం చేసినవారిని అప్పులోళ్లు ఆ తర్వాత కూడా పట్టుకోవచ్చు. ఈ చట్టంలో కటువైన భాగం ఇదే. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో బంధువుల పేర ఊరికే రాసిన ఆస్తిని కోర్టు వెనక్కి తేగలదు. విముక్తి పొందని దివాలాదారు ఎమ్మెల్యేగా ఉండటానికీ అనర్హుడు.

2016 నాటి దివాలా స్మృతిలో పేదలకు మేలైన ఏర్పాటు ఉంది. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అర్హమైన అప్పు 35 వేలు మించని, సొంత ఇల్లు లేనివారికి అప్పు మాఫీ చేయవచ్చు. కానీ వ్యక్తులకు సంబంధించి ఆ స్మృతి 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు పూచీ ఉన్నవారికే అమల్లోకి వచ్చింది. మిగతావారికి పాత చట్టమే గతి. చిన్న రైతులు, కూలీలు, గ్రామీణ వృత్తిదారుల కోసం తెలంగాణ 2016లో రుణ విముక్తి కమిషన్ చట్టం తెచ్చింది.

మేస్త్రీ అడ్వాన్సుకు కట్టుబడి పనిచేసే పాలమూరు వలస కూలీకి ఐపీతో పనిలేదు. ఆ పని వెట్టి అని తేలితే 1976 చట్టం ప్రకారం అప్పు దానంతటదే రద్దవుతుంది. రద్దయిన బాకీ కింద డబ్బు తీసుకున్నవారికి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.