తేలికపాటి బౌలింగ్ బంతి

తేలికపాటి బౌలింగ్ బంతి అనగా పది పిన్నుల బౌలింగ్ ఆటలో అనుమతించబడిన గరిష్ఠ బరువైన 16 పౌండ్ల కంటె బాగా తక్కువగా, సాధారణంగా 10 నుండి 14 పౌండ్ల మధ్య తూగే బంతి. తెలుగునాట బౌలింగ్ అనగానే క్రికెట్టే గుర్తుకు వస్తుంది. ఆకివీడు, ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి ఊళ్ళ విద్యార్థులు ఈ ఆటను ఎక్కువగా హైదరాబాదులోని వినోద కేంద్రాలలోనో, పైచదువులకు అమెరికా వెళ్ళినప్పుడు అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణాలలోనో మొదటిసారి చూస్తారు. అరలో వరుసగా పేర్చిన బంతులలో ఏది తీసుకోవాలన్నదే అక్కడ ఎదురయ్యే తొలి చిక్కు. బరువైనది ఎంచుకుంటే భుజం, మణికట్టు నొచ్చుతాయి. మరీ తేలికైనది ఎంచుకుంటే పిన్నులు పడవు.

కొలతలు

బంతి వ్యాసం 8.5 నుండి 8.595 అంగుళాల మధ్య ఉండాలి. గరిష్ఠ బరువు 16 పౌండ్లు, అనగా 7.26 కిలోలు. పాఠశాలల క్రీడలలో షాట్‌పుట్ చూచినవారికి ఈ సంఖ్య పరిచితమే. పురుషుల ఇనుప గుండు బరువు కూడా ఇంతే. మన పాత తూకంలో ఇది ఐదు వీశెలకు కాస్త పైన. కనిష్ఠ బరువుకు నియమం లేదు. పిన్ను ఎత్తు 15 అంగుళాలు, బరువు సుమారు 1.6 కిలోలు. ఆటగాడు నిలిచే గీత నుండి మొదటి పిన్ను వరకు దూరం 60 అడుగులు.

బరువు మారినా బంతి పరిమాణం మారదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. పూర్తి పరిమాణపు బంతి ఘనపరిమాణం సుమారు 5.45 లీటర్లు. కనుక 12 పౌండ్ల (5.44 కిలోలు) బంతి నీటితో దాదాపు సమాన సాంద్రత గలది. అంతకంటె తేలికైన బంతిని కొల్లేటిలో వేస్తే తేలుతుంది, 13 పౌండ్ల బంతి మునిగిపోతుంది. ఇది వినోదానికి చెప్పిన మాట కాదు. తేలిక బంతి పనితీరుకు సంబంధించిన చిక్కంతా ఈ సాంద్రతలోనే ఉన్నది.

బరువు ఎందుకు అవసరం

బంతి మొదటి పిన్నును తాకగానే కొంత ద్రవ్యవేగాన్ని దానికి ఇచ్చి, తాను కొంత పక్కకు మళ్ళుతుంది. బంతి ఎంత తేలికైతే అంత ఎక్కువగా మళ్ళి, వెనుక వరుసలోని పిన్నులను తాకకుండా పోతుంది. భౌతికశాస్త్ర పాఠంలోని స్థితిస్థాపక అభిఘాతపు సూత్రాన్ని వేసి చూస్తే, 1.6 కిలోల పిన్నును ఎదురెదురుగా ఢీకొన్న తరువాత 16 పౌండ్ల బంతి తన వేగంలో సుమారు 64 శాతం నిలుపుకుంటుంది. 14 పౌండ్లది 60 శాతం, 12 పౌండ్లది 55 శాతం, 8 పౌండ్లది 39 శాతం మాత్రమే నిలుపుకుంటాయి. నిజమైన తాకిడిలో శక్తి నష్టం ఉంటుంది, బంతి ఏటవాలుగా తాకుతుంది కూడా. అయినా పోలికకు ఈ లెక్క చాలు. 16 నుండి 14కు దిగితే నష్టం స్వల్పం, 8కి దిగితే చాలా ఎక్కువ.

ఈ స్వల్ప నష్టాన్ని వేగంతో పూడ్చుకోవచ్చును. గంటకు 26 కిలోమీటర్ల వేగంతో పోయే 16 పౌండ్ల బంతికి గల గతిశక్తి 14 పౌండ్ల బంతికి సుమారు 27.8 కిలోమీటర్ల వద్దనే వస్తుంది. ద్రవ్యవేగం సమానం కావాలంటే మాత్రం దాదాపు 29.7 కిలోమీటర్లు కావాలి. తేలిక బంతిని చేయి సహజంగానే వేగంగా విసరగలదు. వృత్తి ఆటగాళ్ళలో సైతం ఒకప్పటి 16 పౌండ్ల ఆనవాయితీ సడలి, 15 పౌండ్ల బంతి మామూలైపోవడానికి ఇది ఒక కారణం.

వేగం కంటె కోణం మరింత ముఖ్యం. మొదటి పిన్నుకు, దాని పక్క పిన్నుకు నడుమనున్న సందులోకి బంతి సుమారు 6 డిగ్రీల కోణంలో ప్రవేశిస్తే పదీ పడే అవకాశం ఎక్కువ. తిన్నగా దొర్లే బంతికి ఈ కోణం రాదు, వంపు తిరిగే బంతికే వస్తుంది. మళ్ళిపోయే గుణం గల తేలిక బంతికి ఈ వంపు మరీ అవసరం.

పైపొర, లోపలి గుండె

తొలినాటి బంతులు లిగ్నం వీటే అనే గట్టి కర్రతో చేసేవారు. 20వ శతాబ్దపు తొలి దశకంలో రబ్బరు బంతులు, 1960ల ప్రాంతంలో పాలియెస్టర్ ప్లాస్టిక్ బంతులు, 1980లలో యురెథేన్, 1990ల తొలినాళ్ళలో రియాక్టివ్ రెసిన్ బంతులు వచ్చాయి. ప్లాస్టిక్ నూనె పూసిన బాటపై జారిపోతుంది. రెసిన్ బాటను పట్టుకుని వంపు తిరుగుతుంది. బరువు ఒక్కటే బలం కాకుండా పోయింది ఈ మార్పు తరువాతనే.

పైపొర కింద పూరక పదార్థం, దాని నడుమ గుండె వంటి దిమ్మ ఉంటాయి. 14 పౌండ్లు, ఆపైన తూగే బంతులకు చాలా నమూనాలలో ఒకే ఆకారపు దిమ్మను వాడుతారు. కింది బరువులకు వచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. పరిమాణం తగ్గదు, పైపొర సాంద్రత మారదు. తగ్గవలసిన బరువంతా లోపలినుండే తగ్గాలి. అందువలన ద్రవ్యరాశి అంచుకు చేరి భ్రమణ వ్యాసార్థం పెరుగుతుంది, వంపు మందగిస్తుంది. నియమాల ప్రకారం ఈ వ్యాసార్థం 2.46 నుండి 2.80 అంగుళాల మధ్య ఉండాలి. అంతటా ఒకే సాంద్రత గల గోళానికి అది సుమారు 2.72. కొందరు తయారీదారులు 12, 13 పౌండ్లకు పేరు పొందిన దిమ్మకు బదులు ఒక సాధారణ దిమ్మను పెట్టి, అదే పేరుతో అమ్ముతారు. కొనేముందు ఆ బరువుకు ప్రత్యేకంగా ఇచ్చిన సంఖ్యలు చూడాలి. 15 పౌండ్ల బంతికి వ్రాసిన గుణగణాలు 12 పౌండ్లకు వర్తిస్తాయని నమ్మి మోసపోరాదు.

చేతికి అమరిక

శరీర బరువులో పదో వంతు బంతి అనీ, పిల్లలకు వయసెంతో అన్ని పౌండ్లు అనీ వాడుక సూత్రాలున్నాయి. ఇవి మొదలు పెట్టడానికి పనికివస్తాయి, అంతే. అరవై కిలోల మనిషికి మొదటి సూత్రం 13 పౌండ్లు చెబుతుంది. పాత భుజం గాయం ఉన్నవాడికి 13 పౌండ్లు శిక్షే.

కేంద్రంలో అందరికీ ఇచ్చే బంతులలో తేలికవాటికి రంధ్రాలు చిన్నవిగా, దగ్గరగా ఉంటాయి. పిల్లల చేతులకోసం చేసిన ఏర్పాటిది. పెద్దవారు తేలిక బంతి తీసుకుంటే బొటనవేలు ఇరుక్కుంటుంది. వదులైన రంధ్రాలున్న బరువు బంతి తీసుకుంటే జారిపోతుందని గట్టిగా బిగించి పట్టుకోవలసి వస్తుంది. తమకు బరువు పడలేదని అనుకునేవారిలో చాలామందికి నిజానికి రంధ్రాలే సరిపోలేదు. కొలత తీసి తొలిపించుకున్న సొంత బంతి, అదే బరువుగల కేంద్రపు బంతికంటె తేలికగా తోస్తుంది.

బరువు సరిపోయిందో లేదో చివరి ఆటలో తెలుస్తుంది. మూడు ఆటలు వరుసగా ఆడినప్పుడు మూడవదానిలో వేగం పడిపోయినా, విడిచేటప్పుడు భుజం కిందికి వాలినా, ఒక పౌండు తగ్గించాలి. తగ్గించాక వేగం పెరిగి బంతి వంపు తిరగకముందే పిన్నులను చేరుతుంటే, మళ్ళీ బరువు పెంచనక్కరలేదు. బంతిని కొంచెం కిందినుండి ఊపడమో, పైపొరను గరుకు కాగితంతో రుద్దించడమో చేస్తే పట్టు వస్తుంది. పూర్వం సమతూకం కొరకు వేలు పెట్టని అదనపు రంధ్రం తొలిచేవారు. 2020 ఆగస్టు 1 నుండి అమెరికా బౌలింగ్ సమాఖ్య దానిని నిషేధించినది.

మిగిలిన ఒకటి రెండు పిన్నులను కొట్టడానికి తిన్నగా పోయే ప్లాస్టిక్ బంతిని వేరుగా ఉంచుకునేవారు దానిని కూడా మొదటి బంతి బరువులోనే, లేదా ఒక పౌండు తక్కువలో తీసుకుంటారు. అంతకుమించి తేడా ఉంటే చేతి ఊపు మారిపోతుంది.