బీచ్ నూనె నుంచి పొద్దుటి పూత దాకా: సన్‌స్క్రీన్ పుట్టుపూర్వోత్తరాలు

1820లో ఎవరార్డ్ హోమ్ అనే ఇంగ్లిష్ సర్జన్ మండుటెండలో తన రెండు చేతులూ చాచి పెట్టాడు. ఒక చేతిమీద నల్లగుడ్డ కప్పాడు, రెండోదాన్ని అలాగే వదిలేశాడు. నల్లగుడ్డ ఎండను పీల్చుకుంటుంది కాబట్టి దాని కింద ఉన్న చెయ్యే ఎక్కువ వేడెక్కింది. థర్మామీటరూ అదే చెప్పింది. కానీ కమిలి బొబ్బలెక్కింది మాత్రం ఏమీ కప్పని చెయ్యి. నలుపు వేడిని లాక్కునేదే కదా, మరి ఆఫ్రికన్ల చర్మంలోని నలుపు వాళ్లను ఎండనుంచి ఎలా కాపాడుతోంది అన్నది ఆయన్ని వేధించిన ప్రశ్న. జవాబు ఆ రెండు చేతుల్లో దొరికింది. చర్మాన్ని కాల్చేది ఎండలోని వేడి కాదు, వెలుతురు.

రెండు వందల ఏళ్ల కిందటి ఈ సంగతి మనకు ఇప్పటికీ పూర్తిగా ఒంటబట్టలేదు. ఎండాకాలం వస్తే మనం పడే జాగ్రత్తలన్నీ వేడి చుట్టూ తిరుగుతాయి. మజ్జిగ, తలపాగా, జేబులో ఉల్లిపాయ, మధ్యాహ్నం తలుపులు మూసుకోవడం, అన్నీ వడదెబ్బ భయంతో పుట్టిన అలవాట్లే. చల్లగా ఉన్న రోజున ఎండ గురించి ఎవరూ ఆలోచించరు. కానీ చర్మం సంగతి వేరు. అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచీ 3కు చేరితేనే జాగ్రత్త పడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. హైదరాబాదులో హాయిగా అనిపించే డిసెంబరు మధ్యాహ్నం కూడా అది 3 దాటే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 11 దాటుతుంది.

ఆ కిరణాలున్నాయని హోమ్ ప్రయోగానికి ముందే తెలుసు. 1801లో జర్మనీలో యోహాన్ రిట్టర్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఊదారంగు అయిపోయాక ఏ వెలుగూ కనబడని చోట సిల్వర్ క్లోరైడ్ పూసిన కాగితం పెట్టాడు. రంగులు పడ్డ చోటికంటే అక్కడే కాగితం వేగంగా నల్లబడింది. అయితే కాగితాన్ని నల్లబరిచిన ఆ కనబడని వెలుగే చర్మాన్నీ కమిలిస్తుందని తేలడానికి 1889 దాకా పట్టింది. స్వీడన్ వైద్యుడు ఎరిక్ యోహాన్ విడ్‌మార్క్ ఆర్క్ దీపంతో దాన్ని రుజువు చేశాడు. శత్రువెవరో తెలిశాక మందు రావడానికి ఆట్టే కాలం పట్టలేదు. రెండేళ్లకే జర్మనీలో ఫ్రీడ్రిష్ హామర్ క్వినైన్‌ను లేపనంలో కలిపి చర్మానికి పూశాడు. మలేరియా మందుగా మనమెరిగిన క్వినైనే! అది అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. రసాయనంతో చేసిన తొలి సన్‌స్క్రీన్ అదేనంటారు.

పూతలు మాత్రం అంతకుముందూ ఉన్నాయి. బర్మాలో ఆడవాళ్లు ఇప్పటికీ బుగ్గలకు రాసుకునే ‘థనాకా’ పూత, వెలగ జాతి చెట్ల బెరడును రాతిమీద అరగదీసిన గంధం. బతుకుతెరువుకు రంగూన్ వెళ్లిన మనవాళ్లకు అది తెలియనిది కాదు. నమీబియాలో హింబా స్త్రీలు వెన్నలో జేగురు కలిపి ఒళ్లంతా పట్టిస్తారు. ఆ జేగురు సంగతి మళ్లీ వస్తుంది.

హామర్ లేపనం తర్వాత సన్‌స్క్రీన్ తిన్నగా నడిచి ఉంటే బాగుండేది. పాల్ ఉన్నా అనే హాంబర్గ్ చర్మవైద్యుడు 1894 నాటికే ఓడ కళాసీల ముఖాలమీద, చేతులమీద చర్మ క్యాన్సర్లు గమనించి రాశాడు. కానీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఐరోపాకు ఎండ మీద మోజు పుట్టింది. చర్మానికి పట్టే క్షయను కాంతితో నయం చేసినందుకు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ వచ్చింది. పిల్లల రికెట్స్‌కు ఎండ మందని తేలింది. ఫ్యాక్టరీల చీకట్లో బతికే కూలీలు పాలిపోయి ఉంటే, ఎండకు రంగు తేలిన ఒళ్లు సెలవులకు వెళ్లగలిగిన వాళ్ల దర్జా అయింది. 1936లో ఫ్రాన్స్ ప్రభుత్వం కార్మికులకు రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వడంతో సముద్రతీరాలు నిండిపోయాయి. ఆ రోజుల్లోనే లోరియాల్ వ్యవస్థాపకుడు యూజీన్ షూలర్ ఆంబ్ర్ సొలేర్ నూనెను బజారులోకి తెచ్చాడు. ఒళ్లు కాలకుండా రంగు మాత్రం తేలాలి, అదీ దాని పని. అంటే సన్‌స్క్రీన్ తెల్లచర్మానికి, సెలవు రోజుకు, పైగా ఎండలో మరికాసేపు పడుకోవడానికి సాయంగా పుట్టింది. ఆ పుట్టుక తాలూకు గుణం దాన్ని చాలాకాలం వదల్లేదు.

రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ సముద్రంలో తెప్పలమీద చిక్కుకుపోయే అమెరికన్ సైనికులకు ఎర్రటి, జిగటగా ఉండే పెట్రోలియం జెల్లీ ఇచ్చేవారు. ఫ్లోరిడా ఫార్మసిస్టు బెంజమిన్ గ్రీన్ దాన్నే కోకో బటర్‌తో మెరుగుపరిచాడు. అదే కాపర్‌టోన్ అయింది. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా సరిహద్దులోని పిజ్ బూయిన్ శిఖరం ఎక్కుతూ ఒళ్లు కాల్చుకున్న ఫ్రాంజ్ గ్రైటర్ 1946లో ‘హిమానీనద క్రీమ్’ అన్న అర్థమొచ్చే పేరుతో తన క్రీమ్ తెచ్చాడు.

గ్రైటర్ పేరు మిగిలిపోవడానికి ఆ క్రీమ్ కంటే ఒక అంకె ముఖ్యం. ఏ పూత ఎంత కాపాడుతుందో కొలిచే పద్ధతిని జర్మనీలో రుడాల్ఫ్ షుల్జ్ 1956లో ప్రతిపాదించాడు. దానికి ఎస్‌పీఎఫ్ పేరుతో 1974లో ప్రచారం తెచ్చింది గ్రైటర్. 1978లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని చేపట్టింది. కొలత ఇలా ఉంటుంది. వలంటీరు వీపుమీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీమ్ పూస్తారు. పక్కన కొంత చర్మాన్ని ఖాళీగా ఉంచుతారు. రెండుచోట్లా దీపపు కాంతి వేసి, మర్నాడు ఎక్కడ ఎంత మోతాదుకు చర్మం ఎర్రబడిందో చూస్తారు. పూసినచోట ఎర్రబడటానికి 30 రెట్లు మోతాదు పడితే అది ఎస్‌పీఎఫ్ 30. లెక్కప్రకారం 15 అంటే సుమారు 93 శాతం, 30 అంటే 97, 50 అంటే 98 శాతం కిరణాలను ఆపుతుంది. అయితే 2 మిల్లీగ్రాములు రాసుకునేవాళ్లు చాలా అరుదు. ఎక్కువమంది అందులో సగం కూడా రాయరు. డబ్బామీద 50 ఉన్నా ముఖంమీద అంత ఉండదు. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా క్రీమ్ తీసుకొమ్మని డాక్టర్లు చెప్పేది అందుకే.

ఇందులో మరో చిక్కు ఉంది. అతినీలలోహిత కిరణాల్లో చర్మాన్ని ఎర్రబరిచేది ప్రధానంగా యూవీబీ రకం. మరింత లోతుకు దిగి ముడతలు, మచ్చలు తెచ్చే యూవీఏ అంత త్వరగా ఎర్రబరచదు కాబట్టి ఎస్‌పీఎఫ్ దాన్ని దాదాపు పట్టించుకోదు. 1996లో జపాన్ దాని కోసం పీఏ ప్లస్ గుర్తులు పెట్టింది. యూవీఏ మబ్బుల్లోంచీ వస్తుంది, కిటికీ అద్దంలోంచీ వస్తుంది. 28 ఏళ్లపాటు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల అమెరికన్ ఫొటో 2012లో ఒక వైద్యపత్రికలో వచ్చింది. కిటికీ వైపున్న ఎడమ బుగ్గ మడతలు పడి వేలాడుతోంది, కుడి బుగ్గ దానికంటే ఎన్నో ఏళ్లు చిన్నదిగా కనబడుతోంది. మన డ్రైవర్లకు ఆ కిటికీ కుడివైపుంటుంది, అంతే తేడా.

సెలవు నూనెను రోజువారీ అలవాటుగా మార్చింది ఆస్ట్రేలియా. బ్రిస్బేన్‌కు ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో నాంబూర్ అనే, అప్పట్లో చెరకు పండించిన ఊరుంది. 1992లో పరిశోధకురాలు అడెల్ గ్రీన్ బృందం అక్కడి 1,621 మందిని తీసుకుని, చీట్లు వేసినట్టు రెండు జట్లు చేసింది. ఒక జట్టు తల, మెడ, చేతులకు రోజూ పొద్దున్నే సన్‌స్క్రీన్ రాసుకోవాలి, చెమట పట్టినా స్నానం చేసినా మళ్లీ రాయాలి. రెండో జట్టు ఎప్పటిలాగే తమకు తోచినప్పుడు రాసుకుంటారు. పూర్తిగా మానెయ్యమని ఎవరికీ చెప్పలేదు, అది తగదనుకున్నారు. నిజంగా వాడుతున్నారో లేదో తెలియాలి కదా, అందుకని వాళ్లు తిరిగి తెచ్చిన సీసాలను తూకం వేశారు. నాలుగున్నరేళ్ల తర్వాత చూస్తే, రోజూ రాసుకున్నవాళ్లలో స్క్వామస్ సెల్ క్యాన్సర్లు దాదాపు 40 శాతం తక్కువ. బేసల్ సెల్ రకంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రయోగం ముగిసి పదేళ్లు గడిచాక ప్రాణాంతకం కాగల మెలనోమా క్యాన్సర్లు లెక్కపెడితే రోజూ రాసుకున్న జట్టులో 11, రెండోదాంట్లో 22.

నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్లు ముసలితనాన్ని కొలిచిన తీరు. మెత్తటి సిలికాన్ ముద్దను చేతివెనక అద్ది అచ్చు తీశారు. చిన్నవయసు చర్మంమీద సన్నటి గీతలు అడ్డదిడ్డంగా కలుసుకుని ముక్కోణాల వలలా ఉంటాయి. ఎండ తిన్నకొద్దీ ఆ వల చెరిగిపోయి, ఒకే దిక్కుకు సాగే లోతైన గాళ్లు మిగులుతాయి. అచ్చు ఏ జట్టువాళ్లదో తెలియకుండానే నిపుణులు సూక్ష్మదర్శిని కింద వాటికి గ్రేడులిచ్చారు. 55 ఏళ్లలోపు 903 మందిలో, రోజూ రాసుకున్న జట్టు చర్మం 24 శాతం తక్కువ ముదిరింది. అదే ప్రయోగంలో కొందరికి యాంటీఆక్సిడెంట్‌గా ఇచ్చిన బీటా కెరోటిన్ మాత్రలు ఏ తేడా చూపలేదు.

ఇక మన చర్మం సంగతి. 1979లో ఫిలడెల్ఫియా పరిశోధకులు నల్లజాతివారి పైచర్మానికి సహజంగానే 13.4 ఎస్‌పీఎఫ్ ఉందనీ, తెల్లవారికి 3.4 మాత్రమే ఉందనీ కొలిచారు. చర్మ క్యాన్సర్ మన దగ్గర తక్కువగా ఉండటానికి మెలనిన్ పెద్ద కారణం. అంతమాత్రాన మనకు సన్‌స్క్రీన్ అక్కర్లేదనుకోవడం పొరపాటు. మన బాధ మంగు మచ్చలు, మొటిమ మానాక ఉండిపోయే నల్లమచ్చలు. ఈ బాధను పక్కనపెట్టి, తెల్లబడతారన్న ఆశ చూపి కంపెనీలు మన దగ్గర సన్‌స్క్రీన్‌ను అమ్మడం నాకు కష్టంగా ఉంటుంది. చామనఛాయ చెడిపోయినదేమీ కాదు, బాగుచేయడానికి. మిరపకాయలు ఏరే కూలీ ఆడవాళ్లు చీరమీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఏ క్రీమూ దాని ముందు నిలవదు. క్రీమ్ పని గుడ్డ కప్పలేని చోటే.

మంగు విషయంలో ఇంకో మెలిక ఉంది. ముదురు చర్మాన్ని నల్లబరచడానికి యూవీ ఒక్కటే కాదు, కంటికి కనబడే వెలుతురు, ముఖ్యంగా నీలికాంతి కూడా చాలు. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు. ఆపేది ఐరన్ ఆక్సైడ్, అంటే జేగురుకు ఆ ఎరుపునిచ్చే పదార్థమే. అది కలిపిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్లను మంగు ఉన్నవాళ్లకు డాక్టర్లు రాస్తున్నారు. జింక్ ఆక్సైడ్ మిగిల్చే తెల్లటి పూత కూడా వాటిలో అంతగా కనబడదు. అయితే అన్ని దేశాలూ ఒప్పుకున్న దృశ్యకాంతి కొలత ఇంకా లేదు. తెల్లచర్మం ఎర్రబడటాన్ని బట్టి కట్టిన ఎస్‌పీఎఫ్ ప్రతి డబ్బామీదా ఉంది. గోధుమరంగు చర్మం నల్లబడటాన్ని బట్టి కట్టాల్సిన అంకె కోసం ప్రయోగశాలల్లో పని ఇంకా సాగుతోంది.