లిఫ్టుకు లైసెన్సు, మెకానిక్‌కు సర్టిఫికెట్: ఒక వృత్తి అర్హత చరిత్ర

వ్యాససంగ్రహం:
భారతదేశంలో లిఫ్టుల భద్రతకు చట్టరూపం 1939లోనే మొదలైంది. ఆ లిఫ్టును బిగించే, బాగుచేసే మనిషికి శిక్షణ ఇవ్వడం మాత్రం వేరే చట్టాల కింద, వేరే కాలంలో, వేరే శాఖల చేతుల్లో రూపుదిద్దుకుంది. యంత్రానికి ఇచ్చే అనుమతికీ, మనిషికి ఇచ్చే అర్హతకూ మధ్య ఏర్పడిన ఈ ఎడం లిఫ్టు, ఎస్కలేటర్ మెకానిక్ వృత్తిని ఎలా తీర్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పోలిక కోసం అమెరికాలో కార్మికసంఘం నిర్మించుకున్న శిక్షణావ్యవస్థను ప్రస్తావిస్తుంది.

కీలక పదాలు: లిఫ్టు మెకానిక్, ఎస్కలేటర్, అప్రెంటిస్ చట్టం, ఐటిఐ, వైర్‌మన్ పర్మిట్, వృత్తి అర్హత.

1. ఉపోద్ఘాతం

లిఫ్టులో అడుగుపెట్టినవారికి ముందుగా కనిపించేది ఒక చిన్న పలక. 6 మంది, 408 కిలోలు అనో, 8 మంది, 544 కిలోలు అనో దానిమీద రాసి ఉంటుంది. మనిషికి 68 కిలోల చొప్పున భారతీయ ప్రమాణాలు కట్టిన లెక్క అది. ఎక్కేవారి బరువు ఇంత కచ్చితంగా చెప్పే ఆ పలక, ఆ యంత్రాన్ని చివరిసారి విప్పి చూసినవాడు ఎవరో, అతడు ఆ పని ఎక్కడ నేర్చాడో చెప్పదు.

తెలుగునాట వృత్తుల చరిత్ర రాసినవారి దృష్టి సహజంగానే చేనేత, కుమ్మరం, కంచరం, వడ్రంగం వంటి కులవృత్తులమీద నిలిచింది. వాటిలో విద్య తండ్రినుంచి కొడుకుకు అందింది. యంత్రాన్ని నిలబెట్టే కొత్త వృత్తులకు అటువంటి వారసత్వం లేదు. అక్కడ ‘ఇతనికి పని వచ్చు’ అని ఎవరో ఒకరు ధ్రువీకరించాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే ఈ వృత్తి చరిత్రలో అసలు ప్రశ్న.

2. చట్టం మొదట చూసింది యంత్రాన్ని

తాడు తెగినా కేబిన్ కిందపడకుండా పట్టుకునే భద్రతా సాధనాన్ని ఎలీషా ఓటిస్ 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలలో జనం ముందు పరీక్షించి చూపాడు. 1857లో అదే నగరంలోని బ్రాడ్వేలో ఒక దుకాణంలో ఆవిరిశక్తితో నడిచే ప్రయాణికుల లిఫ్టు మొదలైంది. అప్పటినుంచీ ఈ యంత్రం చరిత్ర అంతా దాని భద్రతాసాధనాల చరిత్రగానే రాయబడింది.

భారతదేశంలోనూ చట్టం ఇదే చూపుతో వచ్చింది. బొంబాయి లిఫ్టుల చట్టం 1939 నాటిది. లిఫ్టు పెట్టదలచిన యజమాని ముందుగా అనుమతి పొందాలి, నడపడానికి లైసెన్సు తీసుకోవాలి, తనిఖీకి వచ్చిన అధికారికి దారి ఇవ్వాలి, ప్రమాదం జరిగితే తెలియజేయాలి. ఈ చట్టాన్నే తరవాత ఢిల్లీకి విస్తరింపజేశారు. ఆపై పశ్చిమ బెంగాల్ 1955లో, కర్ణాటక 1974లో, తమిళనాడు 1997లో, గుజరాత్ 2000లో, కేరళ 2013లో తమ చట్టాలు చేసుకున్నాయి. మహారాష్ట్ర పాత చట్టం స్థానంలో 2017లో కదిలే నడకదారులను కూడా కలుపుకొని కొత్త చట్టం తెచ్చింది. ఉత్తరప్రదేశ్ చట్టం 2024లో గాని రాలేదు. మొదటి చట్టానికీ దీనికీ మధ్య 85 ఏళ్ళు గడిచాయి.

ఈ జాబితాలో గమనించవలసింది ఆలస్యం ఒక్కటే కాదు. ఈ చట్టాల ఇరుసు యంత్రం, యజమాని, తనిఖీ అధికారి. లిఫ్టు భద్రత రాష్ట్రాల చేతిలో ఉండడంవల్ల చట్టం రాష్ట్రపు సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. మెకానిక్ చేతికి వచ్చే జాతీయ సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది. ఒకే మనిషి ఒకే సర్టిఫికెట్‌తో, ఒక రాష్ట్రంలో ప్రత్యేక చట్టం కిందా, మరొక రాష్ట్రంలో అటువంటి చట్టమేదీ లేకుండానూ అదే పని చేయగలడు.

3. వైర్‌మన్ పర్మిట్ అనే సగం అర్హత

వ్యక్తి అర్హతను చట్టం గుర్తించలేదని పూర్తిగా అనడానికి వీల్లేదు. లిఫ్టులో విద్యుత్తు ఉంది కనుక విద్యుత్ నిబంధనలు దానికి వర్తిస్తాయి. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వ నిబంధన ఈ విషయంలో స్పష్టమైనది. వైరింగు, మార్పులు, మరమ్మతు వంటి పనులు లైసెన్సు పొందిన కాంట్రాక్టరు ద్వారా, సామర్థ్య సర్టిఫికెట్ ఉన్న పర్యవేక్షకుడి కింద, పర్మిట్ ఉన్న పనివాడి చేత జరగాలని అది చెప్పింది. పనివాడు తన పేరుమీద, తన ఫొటోతో ఉన్న పత్రాన్ని జేబులో పెట్టుకొని తిరగగల హోదా వైర్‌మన్‌కు ఇలా దక్కింది. పలు రాష్ట్రాల్లో లిఫ్టుల తనిఖీ కూడా విద్యుత్ తనిఖీ శాఖ కిందనే ఉండడానికి ఈ చుట్టరికమే కారణం.

అయితే లిఫ్టులో విద్యుత్తు సగమే. గైడ్ రైళ్ళను తూకపుతాడు ప్రకారం నిలబెట్టడం, ఉక్కుతాళ్ళ అరుగుదలను వేలితో తడిమి పసిగట్టడం, వేగం మితిమీరితే పట్టుకునే గవర్నర్‌ను సరిచూడడం, బ్రేకు పట్టును కొలవడం విద్యుత్ పనులు కావు. ఇవి చేసే చేతికి విద్యుత్ పర్మిట్ ఏమీ హామీ ఇవ్వదు.

ఒక ఉదాహరణ చాలు. లిఫ్టు కేబిన్‌కు ఎదురుబరువుగా వేలాడే దిమ్మెల బరువు, ఖాళీ కేబిన్ బరువుకు మోయగల బరువులో సుమారు 40 నుంచి 50 శాతం కలిపినంత ఉంటుంది. సగం లెక్కన చూస్తే, 408 కిలోల లిఫ్టు లోపల 204 కిలోలు ఉన్నప్పుడు రెండువైపులా సమతూకం. ఒక్కరే ఉన్న కేబిన్ రెండంతస్తుల మధ్య ఆగిపోయినప్పుడు బ్రేకు విడిస్తే అది కిందికి జారుతుందనే సామాన్యులు అనుకుంటారు. నిజానికి అది పైకి పోతుంది. దిగబోతున్న మనిషి కాళ్ళకింద నేల లేచి వచ్చే ప్రమాదం అక్కడుంది. అత్యవసర తాళంచెవి చేతికి దొరికిన కాపలాదారుకు ఈ సంగతి తెలియదు. శిక్షణ పొందినవాడు బ్రేకుమీద చెయ్యి వేయకముందే లోపల ఎందరున్నారో అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నలో వృత్తివిద్య అంతా ఉంది.

4. అప్రెంటిస్: ఎవరి గోడల మధ్య?

శిక్షణకు సంబంధించిన చరిత్ర మరో పాయలో నడిచింది. స్వాతంత్ర్యానంతరం 1950లో కేంద్రప్రభుత్వం చేతిపనివారి శిక్షణా పథకాన్ని ప్రారంభించింది. శివరావు కమిటీ సిఫార్సుల మేరకు శిక్షణాకేంద్రాల దైనందిన నిర్వహణ 1956 నవంబరు 1న రాష్ట్రాలకు బదిలీ అయింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజూ అదే. కొత్త రాష్ట్రం పుట్టుకతోనే పారిశ్రామిక శిక్షణ బాధ్యతను భుజానికెత్తుకుంది. సిలబస్, పరీక్ష, సర్టిఫికెట్ మాత్రం అదే ఏడాది ఏర్పడిన జాతీయ వృత్తిశిక్షణ మండలి పరిధిలో నిలిచాయి. బోధకులను తయారుచేసేందుకు కేంద్రం నెలకొల్పిన సంస్థల్లో హైదరాబాదులోనిది ఒకటి.

అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చి, 1962 మార్చి 1 నుంచి అమలైంది. పాత గురుశిష్య సంబంధాన్ని ఇది రిజిస్టరైన ఒప్పందంగా మార్చింది. కాలపరిమితి, భృతి, పాఠం, చివర పరీక్ష అన్నీ ఇందులో ఉన్నాయి. కర్మాగారంలో పని నేర్చుకునే ఫిట్టరుకు, టర్నరుకు ఈ చట్టం చక్కగా అమరింది. లిఫ్టు పని నేర్చుకునే కుర్రవాడి దగ్గరికి వచ్చేసరికి కొన్ని అతుకులు బయటపడతాయి.

చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, కర్మాగారంలో శిక్షణ పొందే అప్రెంటిస్‌కు ఫ్యాక్టరీల చట్టంలోని ఆరోగ్య, భద్రత, సంక్షేమ అధ్యాయాలు కార్మికునితో సమానంగా వర్తిస్తాయి. గనుల్లో ఉన్నవారికి గనుల చట్టం వర్తిస్తుంది. లిఫ్టు అప్రెంటిస్ ఎక్కువకాలం గడిపేది కర్మాగారంలోనూ కాదు, గనిలోనూ కాదు. అతని పాఠశాల ఎవరిదో అపార్టుమెంటు, ఎవరిదో ఆసుపత్రి, సగం కట్టిన వాణిజ్యభవనం. యజమాని కంపెనీ ఒకటి, పనిస్థలం హక్కుదారు మరొకరు. గాయపడితే నష్టపరిహారం ఇచ్చే బాధ్యతను 16వ సెక్షన్ యజమానిపై ఉంచింది. అంటే దెబ్బ తగిలాక చట్టం అతనికి అండగా ఉంది. దెబ్బ తగలకముందు కాపాడే అధ్యాయాల భాష మాత్రం నాలుగు గోడల కర్మాగారాన్ని ఊహించుకొని రాసినది. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చితీరాలన్న నియమమూ చట్టంలో లేదు. ఒప్పందంలో రాసుకుంటే తప్ప అది యజమాని ఇష్టమే.

తెలుగు పత్రికల్లో కనిపించే ‘లిఫ్టు గుంత’ అన్న మాట ఇక్కడ గుర్తుచేసుకోదగినది. వృత్తిపరంగా గుంత అంటే కేబిన్ ప్రయాణమార్గానికి అట్టడుగున ఉండే లోతు మాత్రమే. వార్తల్లో పై అంతస్తునుంచి కిందిదాకా ఉన్న నిలువు ఖాళీ అంతా గుంతే. ‘గుంతలో పడి మృతి’ అన్న శీర్షిక చదివినవారికి నాలుగో అంతస్తు తలుపు ఎందుకు తెరుచుకుందన్న ప్రశ్న తట్టదు. మాట వదులైన చోట బాధ్యత కూడా వదులవుతుంది.

5. రెండేళ్ళ కోర్సు, చెప్పని పాఠం

ఐటిఐలలో లిఫ్టు, ఎస్కలేటర్ మెకానిక్ ఇప్పుడు ప్రత్యేక ట్రేడు. పదో తరగతి ప్రవేశార్హత, రెండేళ్ళ కాలవ్యవధి. ఆకురాయి పట్టడం, వెల్డింగు, వైరింగు మొదలుకొని మోటారు, కంట్రోల్ ప్యానెల్, తలుపు యంత్రాంగం, ఎస్కలేటర్ మెట్ల గొలుసు దాకా పాఠాలు సాగుతాయి. చివర అఖిలభారత ట్రేడు పరీక్ష, జాతీయ ట్రేడు సర్టిఫికెట్. ఈ ట్రేడు రావడం వృత్తికి దక్కిన గౌరవమే. అంతకుముందు చాలామంది ఎలక్ట్రీషియన్ లేదా ఫిట్టర్ సర్టిఫికెట్‌తో వచ్చి, బిగింపు ముఠాలో హెల్పరుగా చేరి, అసలు పని అక్కడ నేర్చుకున్నవారు. సర్టిఫికెట్ ఏదీ లేకుండా వచ్చినవారూ ఉన్నారు.

కాని సర్టిఫికెట్ చెప్పని సంగతి ఒకటుంది. కేబిన్ పైకప్పుమీద నిలబడి ఒంటరిగా పనిచేయడానికి ఈ మనిషి సిద్ధమయ్యాడా అన్నది. తలుపు తాళం సర్క్యూట్‌లో లోపం వెతకడానికి మెకానిక్ ఒక తీగముక్కతో దాన్ని తాత్కాలికంగా దాటవేస్తాడు. దాన్ని జంపర్ అంటారు. అది పెట్టి ఉన్నంతసేపు తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది. పని ముగించి జంపర్ తీయడం మరిచిపోతే తరవాతి ప్రయాణికుడి ప్రాణం దానికి తాకట్టు. పరీక్షలో సర్క్యూట్ బొమ్మ అడగవచ్చు. తీగముక్కలను లెక్కపెట్టుకొని లోపలికి వెళ్ళి, అదే లెక్కతో బయటికి రావడం సీనియర్ పక్కన నిలబడితేనే అబ్బుతుంది. దానికి మార్కులు లేవు.

6. పిట్స్‌బర్గ్ దారి

అమెరికాలో ఇదే సమస్యకు వేరే పరిష్కారం దొరికింది. 1901లో పిట్స్‌బర్గ్‌లో లిఫ్టు నిర్మాణ కార్మికుల జాతీయ సంఘం ఏర్పడింది. కొన్నేళ్ళకే కెనడాను కలుపుకొని అంతర్జాతీయ సంఘమైంది. మెకానిక్ ఎవరు, హెల్పర్ ఎవరు, ఒక మెకానిక్‌కు ఎందరు హెల్పర్లు అన్నది అక్కడ ఒప్పందాల్లో తేలవలసిన విషయం. యాజమాన్యాలూ సంఘమూ కలిసి 1967లో జాతీయ స్థాయి విద్యాకార్యక్రమాన్ని నెలకొల్పాయి. అభ్యర్థి పగలు మెకానిక్ పక్కన పనిచేస్తాడు, పని వేళల వెలుపల తరగతికి వెళతాడు, ఏళ్ళ తరబడి అలా సాగాక మెకానిక్ పరీక్ష రాస్తాడు. హెల్పర్ పక్కన మెకానిక్ ఉండడం అక్కడ ఒప్పందంలోని నియమం. ఇక్కడ అది పనిభారాన్నిబట్టి వచ్చే అదృష్టం.

అయినా ఈ దారిని ఆదర్శంగా ఎత్తిచూపడం తొందరపాటు. సంఘం తలుపు కాపలా కాసినప్పుడు అది కొందరికే తెరుచుకుంది. అమెరికా నిర్మాణవృత్తుల సంఘాలు నల్లజాతివారిని చాలాకాలం దూరంగా ఉంచాయి. ఫిలడెల్ఫియాలోని లిఫ్టు కార్మికుల 5వ స్థానికశాఖపై నడిచిన వివక్ష కేసు 1976లో ఫెడరల్ అప్పీలు కోర్టుదాకా వెళ్ళింది. భారతదేశపు ఐటిఐ, ఎన్ని లోపాలున్నా, రిజర్వేషన్లతో నడిచే బహిరంగ ద్వారం. లిఫ్టుతో తరతరాల పరిచయమేమీ లేని కుటుంబాల పిల్లలు ఈ వృత్తిలోకి రాగలిగింది ఆ ద్వారంగుండానే.

7. చెవినుంచి కోడుకు

పాత కంట్రోల్ ప్యానెల్ రిలేలతో నిండి ఉండేది. మీట నొక్కగానే ఒకదానివెంట ఒకటి టకటకమని పడే రిలేల వరసను చెవితో విని, ఏది పడలేదో చెప్పగల మెకానిక్‌లు ఉండేవారు. ఆ విద్య ఏ కంపెనీ లిఫ్టుకైనా పనికొచ్చేది. మైక్రోప్రాసెసర్ వచ్చాక శబ్దం పోయి తెరమీద దోషసంఖ్య వచ్చింది. 1996లో కోనే సంస్థ యంత్రగది అవసరం లేని లిఫ్టును తెచ్చాక, మోటారు కూడా కేబిన్ నడిచే నిలువుమార్గంలోకే చేరడం మొదలైంది. యంత్రగదిలో నేలమీద నిలబడి చేసే పని, కేబిన్ పైకప్పుమీద నిలబడి చేసే పనిగా మారింది.

దోషసంఖ్య అర్థం కంపెనీ పుస్తకంలో ఉంటుంది. దాన్ని చదివే పరికరం కంపెనీ చేతిలో ఉంటుంది. అందువల్ల జాతీయ సర్టిఫికెట్ వృత్తిలోకి ప్రవేశం ఇస్తుంది గాని, ఫలానా యంత్రాన్ని తాకే అధికారం కంపెనీ సొంత శిక్షణతోనే వస్తుంది. పదేళ్ళ అనుభవమున్న మెకానిక్ కంపెనీ మారితే, అతని నైపుణ్యంలో కొంతభాగం పాత కంపెనీ గేటు దగ్గరే ఆగిపోతుంది. కొత్తచోట చూపడానికి అతని చేతిలో మిగిలేది యువకుడిగా పొందిన ట్రేడు సర్టిఫికెట్ మాత్రమే. మధ్యలో నేర్చినదానికి ప్రభుత్వ ముద్ర లేదు.

ఎస్కలేటర్ల విషయంలో ఈ స్థితి మరింత కొత్తది. వాటి అమరికకు, నిర్వహణకు భారతీయ ప్రమాణం ఐఎస్ 4591 పేరుతో 1968లోనే ఉన్నా, తెలుగునాట సామాన్యుడు రోజూ ఎక్కే యంత్రంగా ఎస్కలేటర్ స్థిరపడింది మాల్స్, మెట్రోలతోనే. 2017 నవంబరులో హైదరాబాదు మెట్రో మొదలయ్యాక స్టేషన్లలో అది నిత్యావసరమైంది. ఎస్కలేటర్ మరమ్మతు అంటే కొన్ని మెట్లు ఊడదీసి, ఆ ఖాళీలోంచి లోపలి ఉక్కుచట్రంలోకి దిగడం. పైన ఎవరో తెలియక మీట తిప్పితే మెట్ల గొలుసు లోపలి మనిషి మీదుగా కదులుతుంది. అందుకే దిగేవాడు విద్యుత్తు ఆపి, ఆ స్విచ్చికి తన సొంత తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకొని దిగాలని నేర్పుతారు. ఆ తాళానికి వేలాడదీసే చీటీమీద లోపల ఉన్న మనిషి పేరు రాస్తారు. పని ముగిసి అతడు బయటికి రాగానే తాళంతోపాటు ఆ చీటీ కూడా తీసివేయబడుతుంది.