కోవిల్‌పట్టి ఆభేరి

‘మురిపించే మువ్వలు’ సినిమాలో ఎస్. జానకి గొంతూ నాదస్వరమూ ఒకదాన్నొకటి తరుముకుంటూ సాగే ఆభేరి పాటను వినని తెలుగు శ్రోత ఉండరనుకుంటాను. రేడియోలో అది మొదలైతే చేతిలో పని ఆపేసిన తరం ఒకటుంది. జానకి మన గుంటూరు జిల్లా బిడ్డ అని గర్వంగా చెప్పుకుంటాం. ఆ నాదస్వరం ఎవరిదని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు.

అది కారుకురిచ్చి అరుణాచలంది. నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్ళై శిష్యుడు. తిరునెల్వేలి దగ్గర కారుకురిచ్చి సొంతూరు, కాపురం పెట్టింది కోవిల్‌పట్టిలో. 1962లో ‘కొంజుం సలంగై’ పేరుతో తమిళంలో వచ్చిన ఆ సినిమాకు సంగీతం కూర్చిన ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు కూడా ఆ దక్షిణపు కొసవాడే. నాదస్వరంతో సమానంగా పాడాలంటే గాయనులు వెనుకాడారనీ, జానకిని పిలవండని పి. లీల చెప్పారనీ అంటారు. తన పాటను మరో గాయనికి అప్పగించిన ఆ మాట వల్లే జానకి పేరు దక్షిణాదంతా మోగింది. అరుణాచలం ఆ తర్వాత ఎంతోకాలం లేడు. 1964లో, చిన్న వయసులోనే పోయాడు.

కోవిల్‌పట్టి అంటే అగ్గిపెట్టెలు, బెల్లంపాకం వేసిన కడలై మిఠాయి. (పల్లీపట్టీ మనకూ ఉంది గానీ, కోవిల్‌పట్టి వాళ్ళ ముందు ఆ మాట అనకండి.) దానికి ఉత్తరంగా తాయిల్పట్టి, శివకాశి, సాత్తూరు: బాణసంచా ఊళ్ళు. అంతటా నల్లరేగడి. వాళ్ళు ‘కరిసల్’ అంటారు. వాన వెనక పడితే ఎండిపోయే పత్తి చేలు. ఈ నేల మీద కమ్మవారు, రెడ్లు, కంబళం నాయకర్లు, ఇంకా ఎన్నో కులాలవాళ్ళు తరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు. బడి తమిళం, బజారు తమిళం, ఉత్తరాలు తమిళం. వంటింట్లోనూ పొలం గట్టు మీదా మాత్రం తెలుగు. ఆ తెలుగుకు రాత లేదు. అక్షరాలు చూపిస్తే చాలామంది చదవలేరు.

కోవిల్‌పట్టికి దక్షిణంగా కొద్ది దూరంలో ఇడైసెవల్ అనే పల్లె ఉంది. 1920ల తొలినాళ్ళలో, కొద్ది రోజుల తేడాతో, అక్కడ ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకరు కమ్మవారి రైతు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్. మరొకరు కు. అళగిరిసామి. ఇద్దరి ఇంటి మాటా తెలుగే. ఇద్దరూ తమిళ కథకు మహారచయితలయ్యారు. ఒకే పల్లెకు చెందిన, ఒకే ఈడు స్నేహితులిద్దరికీ సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అళగిరిసామికి 1970లో, ఆయన పోయిన తర్వాత. రాజనారాయణన్‌కు 1991లో, ఈ ప్రాంతపు తెలుగువాళ్ళ కథను అల్లుకున్న ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు. తమిళ పాఠకులు ఆయన్ని ‘కి.రా.’ అనీ, ప్రేమ ఎక్కువైతే ‘నైనా’ అనీ పిలిచేవారు. ఈ సంగతులు సాహిత్య చరిత్రల్లో దొరుకుతాయి. అక్కడ ఒక్క వాక్యంతో సరిపెట్టే విషయం ఒకటుంది: వీళ్ళిద్దరినీ మొదట పట్టుకున్నది సాహిత్యం కంటే సంగీతం.

కి.రా. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. వానకు తడవకుండా బడి పంచన నిలబడ్డాననీ, అక్కడా బడిని చూడకుండా వాననే చూస్తూ ఉండిపోయాననీ తన మీద తానే జోకు వేసుకునేవాడు. కథలు రాయడం ముప్ఫై దాటాకే. అంతకుముందు ఆయన మనసంతా పాట మీదే. విళాత్తికుళం స్వామి దగ్గర సంగీతం నేర్చుకోవడానికి వెళ్ళాడు. ఒంట్లో క్షయ ప్రవేశించిన రోజుల్లో గొంతు కచేరీకి పనికొచ్చేలా లేదు. పాడేవాడు కావాలనుకున్నవాడు వినేవాడయ్యాడు. ఆయన వచనంలో పల్లె మాటల లయ అంత కచ్చితంగా పడటానికి ఈ చెవే కారణమని నా నమ్మకం.

విళాత్తికుళం స్వామి అసలు పేరు నల్లప్పస్వామి. కాడల్‌గుడి జమీను వంశం, అంటే ఆయనా కంబళం నాయకర్ల మూలం నుంచి వచ్చినవాడే. సభల చుట్టూ తిరిగే విద్వాంసుడు కాదు. కృతి, పల్లవి, తుక్కడా అంటూ కచేరీ వరస పట్టేవాడూ కాదు. రాగం అందుకుంటే ఆలాపనే, గంటల తరబడి. ఖరహరప్రియ అంటే ప్రాణం. సాహిత్యం జోలికి పోకుండా ఒక్క రాగాన్ని తిప్పి తిప్పి చూపిస్తాడని పేరు. మద్రాసు పత్రికల విమర్శకుల కంటే ముందు ఈ కీర్తిని మోసింది కరిసల్ పల్లెల స్నేహితులే. “ఫలానా ఊళ్ళో స్వామి పాడుతున్నాడట” అని ఒకడికి తెలిస్తే నలుగురు కదిలేవారు. రేడియో ఇంటింటికీ రాని కాలంలో ఒకరి అభిరుచి మరొకరికి చేరాలంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టడం ఒక్కటే దారి. గుడి ఉత్సవాల్లో తెల్లవార్లూ సాగే మేళం, పెళ్ళి ఊరేగింపులో ఆగి ఆగి వాయించే నాదస్వరం, ఇవే వాళ్ళ రికార్డుల బీరువా. కి.రా., అళగిరిసామి అరుణాచలానికి దగ్గరైంది కూడా ఈ దారినే.

వినడాన్ని పంచుకోవడం ఒక విద్య అని వీళ్ళకు చూపించిన పెద్దమనిషి ఒకరున్నారు. టి.కె. చిదంబరనాథ ముదలియార్, అందరికీ ‘రసికమణి’ టి.కె.సి. తిరునెల్వేలి వణ్ణార్‌పేటలో ఆయన ఇంట్లో గుండ్రటి ముంగిలి ఉండేది. ‘వట్టత్తొట్టి’ అనేవారు. సాయంత్రం స్నేహితులు చేరితే ఒకే పద్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివి, ఎక్కడ ఒళ్ళు పులకరించిందో ఒకరికొకరు చూపించుకునేవారు. పాండిత్య ప్రదర్శన లేదు. నాకు నచ్చింది, నువ్వూ చూడు, అంతే. తర్వాత కుర్తాళంలో స్థిరపడ్డ టి.కె.సి. దగ్గరికి ఈ ఇద్దరు మిత్రులూ వెళ్ళేవారు.

ఆ టి.కె.సి., రచయిత ‘కల్కి’ కృష్ణమూర్తి వంటివారు తమిళ ఇసై (సంగీతం) ఉద్యమం పక్షాన నిలిచారు. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో సదస్సు, 1943లో మద్రాసులో తమిళ్ ఇసై సంఘం. కచేరీ అంతా తెలుగు కృతులేనా, మాకు అర్థమయ్యే భాషలో పాడరా అన్నది వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. త్యాగరాజు భాషను మన భాషగా తలచుకునే మనం ఆ ప్రశ్నను వినడానికి ఇప్పటికీ కాస్త ఇబ్బంది పడతాం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసే ఇడైసెవల్ మిత్రులు ఎటు నిలబడాలి? వాళ్ళకు ప్రియమైన ఇద్దరు విద్వాంసుల్ని చూడండి. ఒకరు మాటల్లేని ఆలాపన పాడేవాడు, ఇంకొకరు నాదస్వరం ఊదేవాడు. ఇద్దరి సంగీతానికీ భాషా తగవు అంటదు. ఇది యాదృచ్ఛికమని కొట్టిపారేయవచ్చు. నాకు మాత్రం ఈ నేలకు తగిన అభిరుచిగానే కనిపిస్తుంది.

ఆ తగవు రాక ముందే, కోవిల్‌పట్టికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, స్నేహం మరో పెద్ద పని చేసింది. ఎట్టయపురం జమీందార్లు తెలుగు కంబళం నాయకర్లు. ముత్తుస్వామి దీక్షితులు 1835 దీపావళి నాడు కన్నుమూసింది ఆ ఊళ్ళోనే. ఆయన తమ్ముడు బాలస్వామి దీక్షితులు అక్కడ ఆస్థాన విద్వాంసుడు, కర్ణాటక సంగీతంలోకి ఫిడేలును తెచ్చినవాడు. బాలస్వామి దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులు. ఆ ఇంటి సంగీతం ఆ ఇంటిదే. బయటివాళ్ళకు సులభంగా ఇచ్చేది కాదు.

మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ అనే క్రైస్తవుడు ఉండేవాడు. సర్కారు ఉద్యోగి. మన పాటల్ని పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించి ప్రపంచానికి వినిపించాలన్న పిచ్చితో 1890లలో సొంతంగా పుస్తకాలు వేశాడు. దీక్షితుల కృతుల కోసం సుబ్బరామ దీక్షితుల వెంటపడ్డాడు, పాడించుకున్నాడు, రాసుకున్నాడు. చూపు మందగిస్తున్నా వదల్లేదు. చివరికి 1899లో ఎట్టయపురం వచ్చి ప్రభువు ముందే మొరపెట్టుకున్నాడు. ప్రభువు ఆజ్ఞ అయ్యాక సుబ్బరామ దీక్షితులకు తప్పుకునే వీలు లేకపోయింది. అలా 1904లో ఎట్టయపురం విద్యావిలాసిని ముద్రాక్షరశాల నుంచి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడింది. దాదాపు 1700 పుటలు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229. ప్రతి గమకానికీ ఒక గుర్తు. ఎవరికి ఏది నచ్చినా తెరిచి చూసుకునేలా ఒక వంశపు ఇనప్పెట్టె బయటపడింది. అది అచ్చయింది తెలుగు లిపిలో.

ఆ పుస్తకంలో ఆభేరి పుట తెరిస్తే సినిమా పాట విన్నవాళ్ళు తెల్లబోతారు. అక్కడి ఆభేరిలో ఉండేది శుద్ధ ధైవతం. జానకి పాడింది, అరుణాచలం వాయించింది చతుశ్రుతి ధైవతంతో, ఖరహరప్రియ పిల్లగా కచేరీల్లో స్థిరపడిన ఆభేరి. ఏది అసలు అని పండితులు ఈనాటికీ వాదులాడుకుంటారు. నా ఓటు నాదస్వరానికే. పుస్తకం పట్టుకుని నాతో పోట్లాడే స్నేహితులు నాకూ ఉన్నారు. పక్కపక్క ఊళ్ళ నుంచి, అరవై ఏళ్ళు నిండకుండానే, ఒకే పేరుతో రెండు రాగాలు లోకంలోకి వెళ్ళాయన్నది మాత్రం నిజం.

అరుణాచలం శతజయంతి అయిన 2021లోనే, మే నెలలో, కి.రా. పుదుచ్చేరిలో కన్నుమూశాడు. తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో ఇడైసెవల్‌లో అంత్యక్రియలు జరిగాయి. అళగిరిసామి తనకు రాసిన ఉత్తరాల్ని దాచి, అచ్చువేయించి వెళ్ళాడు. ఎట్టయపురం పుస్తకాన్ని మద్రాసు మ్యూజిక్ అకాడెమీ 1961 నుంచి తమిళ లిపిలో సంపుటాలుగా తెచ్చింది. తాయిల్పట్టిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడెవడైనా సంగీతం పిచ్చి పట్టి దీక్షితుల కృతి వెతుక్కుంటే, పొరుగూళ్ళో తెలుగులో అచ్చయిన పుస్తకాన్ని ఆ తమిళ సంపుటాల్లోనే చదువుకుంటాడు.