గిడ్డంగిలో గంజాయి: రకాల వేర్పాటు, తాజాదనం – వలసపాలన నాటి ఆబ్కారీ చరిత్రలో ఒక పరిశీలన

ప్రస్తావన

1893 మార్చి 2న బ్రిటిష్ కామన్స్ సభలో విలియం కెయిన్ అడిగిన ప్రశ్న భారతదేశంలో గంజాయి సాగు, తయారీ, అమ్మకం, వాడకాలపై ఒక పెద్ద విచారణకు దారితీసింది. ఆ ఏడాది జూలైలో డబ్ల్యు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏర్పడిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ 1193 మంది సాక్షుల నుంచి సమాచారం సేకరించి 1894లో నివేదిక సమర్పించింది. గంజాయి మతిభ్రమణానికి కారణమవుతుందా, నేరాలకు పురికొల్పుతుందా, నిషేధం సాధ్యమా అనే ప్రశ్నలకు కమిషన్ ఇచ్చిన సమాధానాల మీదనే చరిత్రకారుల దృష్టి ఎక్కువగా నిలిచింది.

కమిషన్ సాక్షులకు పంపిన ప్రశ్నావళిలో అంతగా చర్చకు రాని ప్రశ్న మరొకటి ఉంది. ఈ పదార్థాలు నిల్వలో చెడిపోతాయా, మామూలు జాగ్రత్తలతో ఎంతకాలం ఆగుతాయి, చెడడానికి కారణాలేమిటి, దాన్ని నివారించే మార్గాలేమైనా ఉన్నాయా అన్నది దాని సారాంశం. పైకి ఇది గిడ్డంగి గుమాస్తాకు సంబంధించిన చిన్న విషయంలా కనిపిస్తుంది. ఆనాటి ఆబ్కారీ వ్యవస్థ మొత్తం ఆధారపడింది మాత్రం ఈ విషయం మీదనే. సుంకం వేయాలంటే ఒక రకం మరొక రకంతో కలవకూడదు. సుంకం రాబట్టాలంటే సరుకు అమ్ముడయ్యేదాకా సత్తువ కోల్పోకూడదు. వలస ప్రభుత్వం మొదటి పనిని చాలావరకు సాధించింది, రెండవదానిలో వెనుకబడింది. రెండింటికీ పునాది మాత్రం రైతులు, తయారీదారులు అప్పటికే ఏర్పరచుకున్న పరిజ్ఞానమే. ఈ వ్యాసం ప్రధానంగా బెంగాల్‌లోని నవ్‌గావ్ ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ అంశాన్ని నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

‘రకం’ అనే మాట

నేడు గంజాయి ‘రకం’ అంటే విత్తన వంశమనే అర్థం స్ఫురిస్తుంది. పంతొమ్మిదవ శతాబ్దపు భారతీయ విపణిలో ఆ మాటకు మూడు వేర్వేరు అర్థాలుండేవి. మొదటిది మొక్క భాగాన్ని బట్టి చేసిన విభజన: ఆకు భంగు, ఆడ మొక్క పూగుత్తులు గంజాయి, జిగురు చరస్. రెండవది పుట్టిన చోటును బట్టి చేసినది. రాజషాహీ ప్రాంతపు సరుకును ఉత్తర భారత వర్తకులు ‘బాలూచర్’ అనేవారు. ఒరిస్సా సంస్థానాల నుంచి వచ్చేది ‘గఢ్‌జాత్’. మూడవది తయారీ పద్ధతిని బట్టి చేసిన విభజన. బెంగాల్‌లో చదునుగా తొక్కినది చప్టా, గుండ్రంగా చుట్టినది గోల్, రాలి విడిపోయిన పొడి చూర్.

ఈ మూడు అర్థాలలో ఏదీ వృక్షశాస్త్ర విభజనతో సరిపోలదు. లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు పెట్టిన పేరు కిందికే బాలూచర్, గఢ్‌జాత్ రెండూ వస్తాయి. చప్టా, గోల్ ఒకే పొలంలో, ఒకే విత్తనం నుంచి రావచ్చు. అంటే గిడ్డంగిలో వేరుగా ఉంచవలసిన ‘రకాలు’ ప్రకృతి ఇచ్చినవి కావు. మనిషి చేతిలో, ముఖ్యంగా అతని కాలి కింద, రూపుదిద్దుకున్నవి.

పొలంలో, కళ్లంలో

వేర్పాటు గిడ్డంగిలో మొదలుకాలేదు. పోతు మొక్కల పుప్పొడి సోకి పెంటి మొక్కలు గింజ కడితే గంజాయి నాణ్యత పడిపోతుంది. అందువల్ల పూత విచ్చకముందే పోతు మొక్కలను ఏరి పారేయాలి. ఆ దశలో రెండింటికీ తేడా పోల్చడం సామాన్య రైతుకు సాధ్యమయ్యే పని కాదు. అందుకోసం నవ్‌గావ్ రైతులు ‘పోద్దార్’ అనే నిపుణుణ్ణి పిలిపించుకునేవారు. ఆంగ్ల నివేదికలు అతణ్ణి ‘గంజాయి వైద్యుడు’ అని పేర్కొన్నాయి. ఒక్క పోతు మొక్క తప్పించుకున్నా దాని ప్రభావం పొరుగు పొలాలకూ పాకుతుంది. కాబట్టి పోద్దార్ చూపు ఒక రైతుకే పరిమితం కాని ఉమ్మడి రక్షణగా పనిచేసేది.

శీతకాలం చివర కోత పూర్తయ్యాక పంట ‘చాతర్’కు చేరేది. తెలుగు రైతు భాషలో చెప్పాలంటే అది కళ్లం. 1877లో హేమచంద్ర కర్ బెంగాల్ గంజాయి సాగు, వర్తకాలపై సమర్పించిన నివేదికలోను, 1893లో డేవిడ్ ప్రెయిన్ రాసిన నివేదికలోను ఇక్కడి పనులు వివరంగా నమోదయ్యాయి. చప్టా కోసం పూగుత్తులున్న రెమ్మలను వలయాకారంలో ఒకదాని తల మీద ఒకటి వచ్చేలా పేర్చి పాదాలతో తొక్కేవారు. తర్వాత కుప్పపై చాపలు కప్పి బరువు పెట్టేవారు. గోల్ కోసం రెమ్మలను పొట్టిగా కోసి చాప మీద పరిచేవారు. పనివాళ్లు రొమ్ము ఎత్తున కట్టిన వెదురును పట్టుకొని, వరుసగా నిలబడి, అరికాలితో వాటిని దొర్లించేవారు.

ఈ తొక్కుడును కేవలం ఆకారం కోసం చేసిన పనిగా భావించడం పొరపాటు. ఒత్తిడికి జిగురు బయటికి వచ్చి పూరేకులను, చిన్న ఆకులను ఒకే ముద్దగా అతికిస్తుంది. ముద్దకు గాలి తగిలే ఉపరితలం తక్కువ, విరిగి రాలడమూ తక్కువ. అంటే తొక్కుడు తయారీ ప్రక్రియ అయినట్టే నిల్వ ప్రక్రియ కూడా. గిడ్డంగి గోడలు లేవకముందే తాజాదనాన్ని కాపాడే తొలి పొరను రైతు తన పాదంతోనే వేశాడు.

సుంకం, పుల్ల, చూర్

చప్టాలో పుల్ల ఎక్కువ, గోల్‌లో తక్కువ, చూర్‌లో దాదాపు శూన్యం. ఒకే శేరు తూకంలో మత్తు కలిగించే భాగం మూడింటిలో మూడు విధాలుగా ఉండటంతో బెంగాల్ ప్రభుత్వం సుంకాన్నీ మూడు అంచెలుగా విధించింది. చప్టాకు తక్కువ, గోల్‌కు అంతకంటే ఎక్కువ, చూర్‌కు అన్నిటికంటే ఎక్కువ. రైతు కళ్లంలో పుట్టిన తేడా ఈ విధంగా ప్రభుత్వ లెక్కల పుస్తకంలో మూడు నిలువు గడులుగా మారింది.

అయితే మూడవ గడి మిగిలిన రెండింటి వంటిది కాదు. చూర్ ప్రత్యేకంగా తయారుచేసే సరుకు కాదు. చప్టాను, గోల్‌ను తొక్కుతున్నప్పుడు, మోస్తున్నప్పుడు, నిల్వ ఉంచినప్పుడు వాటి నుంచి రాలేదే చూర్. కట్ట ఎంత పాతబడితే అంత ఎండుతుంది, ఎంత ఎండితే అంత రాలుతుంది. గిడ్డంగికి చప్టాగా వచ్చిన సరుకులో కొంత భాగం ఆరు నెలల తర్వాత చూర్‌గా తేలుతుంది. తూకం తగ్గుతుంది, సుంకపు రేటు మాత్రం పెరుగుతుంది. తగ్గిన తూకం నిజమైన ఎండుదలా, లేక దొంగచాటుగా తరలించినదా అన్నది అధికారికి అంతుచిక్కని సమస్య. రకాలను వేరుగా ఉంచాలన్న నియమాన్ని నిల్వ కాలమే లోపలి నుంచి చెరిపేస్తుంది. వేర్పాటు, తాజాదనం రెండు విడి సమస్యలు కావని దీన్ని బట్టి స్పష్టమవుతుంది. తాజాదనం పోయిన చోట వేర్పాటు కూడా నిలవదు.

ధాన్యపు గాదె, గంజాయి గోలా

బెంగాల్‌లో గంజాయి నిల్వచేసే చోటును ‘గోలా’ అనేవారు. టోకు వర్తకుడు ‘గోలాదార్’. గోలా అనే మాటకు మూలార్థం ధాన్యాగారం. తెలుగులో ధాన్యపు నిల్వకు గాదె, పురి, పాతర అనే మాటలున్నాయి. వీటన్నిటి వెనుకా ఉన్న ఊహ ఒక్కటే: పంటను వచ్చే కరువుదాకా దాచడం. పాత బియ్యానికి తెలుగు ఇంట గౌరవమెక్కువ, ధర కూడా ఎక్కువే. పాతబడటం అక్కడ గుణం. గంజాయి విషయంలో ఇది తలకిందులు. ఏడాది దాటితే సత్తువ తగ్గుతుందన్నది కమిషన్ ముందు సాక్షులు విస్తృతంగా వెల్లడించిన అభిప్రాయం. ధాన్యం కోసం పుట్టిన కట్టడం పేరును, దాచుకునే ఆలోచనను, పాతబడితే విలువ పోయే సరుకుకు వర్తింపజేయడంలోనే వైరుధ్యం ఉంది.

రుతువులు ఈ వైరుధ్యాన్ని మరింత పెంచాయి. కోత ముగిసిన మూడు నాలుగు నెలలకే రాజషాహీ ప్రాంతంలో వర్షాకాలం మొదలవుతుంది. తేమకు బూజు పడుతుంది. తేమ పోవాలని ఆరబెడితే గాలి, వెలుగు సోకి జిగురు సత్తువ తగ్గుతుంది, కట్ట రాలుతుంది. అయినా కమిషన్ సిఫారసులలో ముఖ్యమైనవి సాగును పరిమిత ప్రాంతాలకు, అనుమతి పొందినవారికి కట్టడి చేయడం, పంటను కేంద్ర గిడ్డంగులకు చేర్చడం, తగినంత సుంకం విధించడం. దొంగ రవాణాను అరికట్టడంలో గిడ్డంగి సమర్థ సాధనమే. కానీ సరుకు అక్కడ ఎంత ఎక్కువ కాలం ఉంటే ప్రభుత్వం అంత పాత సరుకుపై సుంకం అడగవలసి వస్తుంది. 1917లో నవ్‌గావ్ సాగుదారులు సహకార సంఘంగా ఏర్పడటాన్ని ధరల దృష్టితోనే కాక ఈ నేపథ్యంలోనూ పరిశీలించవలసి ఉంది. అమ్మకం ఆలస్యమైతే తరుగు భరించేది సరుకు యజమానే.

తెలుగు నేల

మద్రాసు ప్రెసిడెన్సీలో పరిస్థితి భిన్నం. బెంగాల్‌లో వలె ఒకే చోట కేంద్రీకృతమైన సాగు ఇక్కడ లేదు. పెరటి మొక్కలుగా అక్కడక్కడా పెంచేవారు. వర్తకం కోసం సాగు జరిగిన ప్రాంతాలలో ముఖ్యమైనవిగా కమిషన్ గుర్తించినవి రెండు: నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుపాడు పరిసరాలు, ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జవ్వాది కొండలు. ఒకటి తీరానికి చేరువలోని మైదానం, మరొకటి కొండ ప్రాంతం. బెంగాల్ నమూనాలోని చప్టా, గోల్ అనే గడులలో ఈ సరుకు ఒదగదు. ఇక్కడ దాన్ని గుర్తించడానికి మిగిలిన ఆధారం పుట్టిన చోటు మాత్రమే.

తెలుగు భాషలో తయారీ పద్ధతులను సూచించే ప్రత్యేక పదజాలం ప్రచారంలోకి రాకపోవడం ఇందుకు అనుగుణంగానే ఉంది. బ్రౌన్ నిఘంటువు (1852) ‘గంజాయి’ పదాన్ని నమోదు చేసింది. వ్యవహారంలో నిలిచిన ‘తులసివనంలో గంజాయి మొక్క’ అనే సామెత కూడా వేర్పాటును గురించినదే. అక్కడ ప్రశ్న నైతికమైనది, వర్తకానికి చెందినది కాదు. బెంగాలీ వాడుక గంజాయిని లోపల మూడుగా విడదీస్తే, తెలుగు సామెత దాన్ని మొత్తంగా ఒక పక్కన నిలిపింది.

రసాయనశాస్త్రం చెప్పినది

సాక్షులు అనుభవంతో చెప్పిన దానికి ప్రయోగశాల ఆధారం త్వరలోనే లభించింది. 1896లో వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డ్ అనే కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు చరస్ నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి దానికి కన్నబినాల్ అని పేరు పెట్టారు. అది మిశ్రమమని తర్వాత తేలినా, పేరు మాత్రం అందులోని ఒక శుద్ధ పదార్థానికి స్థిరపడింది. 1964లో గయోనీ, మెషూలమ్‌లు ప్రధాన మత్తు పదార్థమైన టీహెచ్‌సీని వేరుచేసి దాని నిర్మాణాన్ని నిర్ణయించారు. గాలిలోని ఆక్సిజన్ వల్ల టీహెచ్‌సీ క్షీణించినప్పుడు ఏర్పడేదే కన్నబినాల్ అని క్రమంగా స్పష్టమైంది. యార్కండ్ నుంచి లేహ్ మీదుగా దీర్ఘ ప్రయాణం చేసి వచ్చే చరస్ అధ్యయనంలో మొదట పేరు పొందినది క్షీణతకు గుర్తయిన పదార్థమే కావడం గమనార్హం.

1976లో ఫెయిర్‌బెయిర్న్ బృందం జరిపిన పరిశోధన నిల్వలో నష్టానికి వెలుగు అన్నిటికంటే పెద్ద కారణమని, చీకటిలో ఉంచితే ఒకటి రెండేళ్లు సత్తువ చాలావరకు నిలుస్తుందని తేల్చింది. ఆకు చెక్కుచెదరకుండా ఉంటే జిగురు గ్రంథులు సహజ రక్షణనిస్తాయని కూడా సూచించింది. గది ఉష్ణోగ్రతలో నిల్వ ఉంచిన నమూనాలపై రాస్, ఎల్‌సోహ్లీ చేసిన అధ్యయనంలో టీహెచ్‌సీ నష్టం మొదటి ఏడాదికి సుమారు 17 శాతం, నాలుగేళ్లకు సుమారు 41 శాతం. చూర్ త్వరగా నిస్సారమవడానికి, కట్టను విప్పకుండా చీకటి గోలాలో ఉంచడంలోని ఔచిత్యానికి ఈ ఫలితాలు వివరణనిస్తున్నాయి.

ముగింపు

స్వతంత్ర భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని పూగుత్తులుగా, చరస్‌ను జిగురుగా నిర్వచించి, పూగుత్తులు లేని ఆకును గంజాయి నిర్వచనం నుంచి మినహాయించింది. పాత విపణి చేసిన మూడు విభాగాల గుర్తు ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. 1989లో చేర్చిన 52ఏ సెక్షన్, స్వాధీనం చేసుకున్న సరుకును త్వరగా పరిష్కరించడానికి కారణాలుగా దొంగతనం, మార్పిడి ప్రమాదాలను, నిల్వ స్థలం కొరతను పేర్కొంటుంది. నాటి గోలా అధికారిని వేధించిన ప్రశ్నలే సాక్ష్యపు గదిలో మళ్లీ ఎదురవుతున్నాయి: లోపలికి వచ్చినదీ బయటికి వెళ్లినదీ ఒకటేనా, తగ్గిన తూకానికి కారణమేమిటి?

గంజాయి చరిత్రను నిషేధం, అనుమతి అనే రెండు మాటల మధ్యనే చదివితే ఈ కొనసాగింపు కనిపించదు. పోద్దార్ చూపు, కళ్లంలో పాదాల ఒత్తిడి, కట్టను విప్పని జాగ్రత్త అనే మూడింటి మీద ప్రభుత్వం తన లెక్కలను నిర్మించుకుంది. లెక్కల పుస్తకంలో రకాల పేర్లు మిగిలాయి కానీ ఆ రకాలను సృష్టించి కాపాడిన వ్యక్తుల పేర్లు మిగలలేదు. ఆబ్కారీ నివేదికలను నైతిక చర్చకు ఆధారాలుగానే కాక, శ్రామిక పరిజ్ఞానాన్ని పరోక్షంగా నమోదు చేసిన గ్రంథాలుగా కూడా చదవవలసిన అవసరం ఇందువల్ల ఏర్పడుతోంది.