దేశనామ రక్షణ (ఇంటర్నెట్ డొమైన్ల నమోదులో)

ఇంటర్నెట్ చిరునామాలో చివరి చుక్క తరువాత వచ్చే భాగమైన ఉన్నత స్థాయి డొమైన్‌గా దేశాల పేర్లు ఎవరి సొత్తూ కాకుండా చూసే నియమాలనే దేశనామ రక్షణ అంటారు. చిరునామాల వ్యవస్థను సమన్వయపరిచే ఐకాన్ సంస్థ 2012లో కొత్త డొమైన్లకు దరఖాస్తులు స్వీకరించినప్పుడు, ఐఎస్ఓ 3166-1 ప్రమాణంలోని దేశాల పేర్లను, వాటి మూడక్షరాల సంకేతాలను మినహాయించినందున 'ఇండియా', 'ఐఎన్‌డి' రెండూ ఎవరికీ దక్కనివయ్యాయి. 'ఇండియన్స్' అనే మాట ఆ పట్టికలో లేకపోవడంతో భారత ప్రభుత్వం 2013లో దానిపై విడిగా అభ్యంతరం తెలపవలసి వచ్చింది. ఊళ్ల విషయంలో ఈ కవచం మరీ పలుచన. కోలార్ బంగారు గనుల పట్టణం పొట్టిపేరు 'కేజీఎఫ్', కిర్గిజ్‌స్తాన్ సంకేతమైన 'కేజీజడ్'కు ఒక్క అక్షరం దూరంలోనే ఉన్నా, దేశసంకేతం కాదు గనుక ఆ పట్టిక నీడ దానిపై పడదు.